నాబోతు తోట ఇవ్వనన్నాడు, రాజు అలిగి పడుకున్నాడు

క్రీస్తుపూర్వం 9వ శతాబ్దంలో ఇశ్రాయేలును ఏలిన అహాబు చిన్నాచితకా రాజేం కాదు. అష్షూరు (అస్సీరియా) రాజు మూడో షల్మనేసెర్ చెక్కించిన ఒక శాసనంలో, క్రీ.పూ. 853 నాటి ఖర్ఖర్ యుద్ధానికి అహాబు 2,000 రథాలతో, 10,000 మంది సైనికులతో వచ్చాడని రాసి ఉంది. ఎదుటివాడి బలం పెంచి చెప్తేనే కదా తన గెలుపు గొప్పగా కనిపించేది, కాబట్టి ఆ లెక్కలో సగం కొట్టేద్దాం, అయినా వెయ్యి రథాలు. బైబిల్ చెప్పే కథలో అంతటివాడు ఒకరోజు మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకుని, భోజనం మానేశాడు. యెజ్రెయేలులో తన భవనం పక్కన నాబోతు అనే అతనికి ఒక ద్రాక్షతోట ఉంది. అది ఇస్తే కూరగాయలు వేసుకుంటానని రాజు అడిగాడు. దానికి బదులు ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, వద్దనుకుంటే డబ్బిస్తానన్నాడు. బలవంతం ఏమీ చేయలేదు. నాబోతు మాత్రం ఇది నా పిత్రార్జితం, ఇవ్వను అనేశాడు. అంతే, రాజుగారు అలిగారు.

సండే స్కూల్లో ఈ కథ విన్నవాళ్లకు తర్వాతి భాగం గుర్తుంటుంది, రాణి యెజెబెలు రంగంలోకి దిగడం, నాబోతు చావడం. నాకు మాత్రం ఎప్పుడు చదివినా ఆ అలక దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ఈజిప్టు ఫరోకు తోట కావాలంటే అలుగుతాడా? మనుషుల్ని పంపిస్తాడు, పని అయిపోతుంది. యెజెబెలు కూడా అదే అడుగుతుంది, నువ్వు రాజువా కాదా అని. ఆమె సీదోను రాజు కూతురు, పుట్టింట్లో చూసింది వేరు. మరి అహాబును ఆపింది ఏమిటి? ప్రాచీన ఇశ్రాయేలు పరిపాలన ఎలాంటిది అన్న చిక్కుముడికి కొస నాకు ఇక్కడే కనిపిస్తుంది.

చిక్కుముడి అని ఊరికే అనడం లేదు. దాన్ని ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అనేవాళ్లు ఉన్నారు, మతరాజ్యం అనేవాళ్లు ఉన్నారు, భూములు పంచిన సోషలిజం అనేవాళ్లు, ప్రభుత్వమే లేని స్వేచ్ఛ అనేవాళ్లు కూడా ఉన్నారు. అందరూ వచనాలు చూపిస్తారు, అవన్నీ నిజంగానే అక్కడ ఉన్నాయి. గొడవంతా ఎక్కడొస్తుందంటే, ధర్మశాస్త్రంలో (బైబిల్లో మొదటి అయిదు పుస్తకాలు) రాసి ఉన్నది, ఆ రోజుల్లో నిజంగా జరిగింది, రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక యూరప్ వాళ్లు అందులో చూసుకున్నది, ఈ మూడింటినీ ఒకే గంపలో వేసేయడం వల్ల. ధర్మశాస్త్రం ఒక్కరోజులో, ఒక్క చేత్తో రాసింది కాదని చాలామంది పండితుల అభిప్రాయం. ద్వితీయోపదేశకాండంలో పెద్ద భాగాన్ని క్రీ.పూ. 622లో యోషీయా రాజు కాలంలో దేవాలయంలో దొరికిందని చెప్పే గ్రంథంతో ముడిపెడతారు. అంటే అహాబు కాలానికి ఆ నియమాలన్నీ ఇప్పుడున్న రూపంలో ఉండి ఉండకపోవచ్చు. కానీ పిత్రార్జితం మాట వినగానే రాజు వెనక్కి తగ్గాడంటే, రాసి ఉన్నా లేకపోయినా ఒక కట్టుబాటు ఉందన్నమాట.

ఆ కట్టుబాటు రాతరూపం లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉంది. భూమి దేవుడిది, మీరు దానిమీద పరదేశుల్లాంటివాళ్లు, కాబట్టి శాశ్వతంగా అమ్మడానికి లేదు. అప్పులపాలై అమ్మినా, యాభయ్యో ఏడు (తెలుగు బైబిల్లో సునాద సంవత్సరం) వచ్చేసరికి పొలం మళ్లీ ఆ ఇంటివాళ్లకే వస్తుంది. ధర ఎలా కట్టాలో కూడా చెప్పారు, సునాదానికి ఇంకా ఎన్ని పంటలు మిగిలాయో లెక్కేసి. ఎక్కువ పంటలుంటే ఎక్కువ ధర, తక్కువైతే తక్కువ. అంటే మన భాషలో చెప్పాలంటే ఇది అమ్మకం కాదు, ముందే సొమ్ము కట్టిన దీర్ఘకాలపు కౌలు. ప్రాకారమున్న పట్టణంలో ఇల్లయితే వేరే లెక్క, ఏడాదిలోపు విడిపించుకోకపోతే పోయినట్టే. పట్టణంలో ఇల్లు పోతే ఇంకోటి కట్టుకోవచ్చు, పొలం పోతే కూలివాడైపోతాడు, ఆ తేడా వాళ్లకు బాగా తెలుసు.

దీన్ని సోషలిజం అనడం నాకు కుదరదు, ఎందుకంటే పొలం ఊరుమ్మడి కాదు, ఒక కుటుంబానిది. పెట్టుబడిదారీ ఆస్తిహక్కు అనడమూ కుదరదు, ఎందుకంటే యజమానికి అమ్ముకునే హక్కే పూర్తిగా లేదు. మన కాలంతో పోలిస్తే విచిత్రంగా ఉంటుంది. మన రాజ్యాంగంలో ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండేది, 1978లో 44వ సవరణతో దాన్ని తీసేసి 300ఎ అధికరణంలో మామూలు చట్టబద్ధ రక్షణగా పెట్టారు. చట్టప్రకారం తీసుకుంటే ప్రభుత్వం తీసుకోవచ్చు. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది సమ్మతి కావాలంది. ప్రభుత్వం సొంత అవసరానికి ఆ సమ్మతి నిబంధన లేదు. నాబోతు ఈ రోజుల్లో ఉంటే రాజు కూరతోటను ప్రజాప్రయోజనం కాదని కోర్టులో కొట్టేయించగలడేమో, అక్కడ రోడ్డు పడుతుందంటే మాత్రం పరిహారం తీసుకుని కదలాల్సిందే. లేవీయకాండం లెక్కలో రోడ్డుకైనా, కూరతోటకైనా ఒకటే జవాబు.

మంచి నియమమే, అమలైందా? సునాద సంవత్సరం ఫలానా ఏడు పాటించారు అని చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. ఏడేళ్లకోసారి బానిసల్ని విడిచిపెట్టాలన్న నియమం సంగతి యిర్మీయా గ్రంథంలో ఉంది. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టినప్పుడు సిద్కియా రాజు, పెద్దలు భయపడి బానిసల్ని వదిలేశారు, సైన్యం కాస్త వెనక్కి జరగగానే మళ్లీ పట్టుకొచ్చుకున్నారు. ఏడేళ్లకోసారి అప్పు మాఫీ చేయాలన్న నియమం ఇంకో రకంగా ఎదురుతిరిగింది. మాఫీ ఏడు దగ్గరపడితే అప్పు పుట్టేది కాదు. చివరికి క్రీ.పూ. 1వ శతాబ్దంలో హిల్లేలు అనే పండితుడు, అప్పుపత్రాన్ని న్యాయస్థానానికి అప్పగిస్తే అది మాఫీ కిందకి రాదు అని ఒక దారి తీశాడు. పేదవాడిని కాపాడే నియమమే పేదవాడికి అప్పు పుట్టకుండా చేస్తే, ఆ నియమానికే గండి కొట్టి పేదవాడిని కాపాడాల్సి వచ్చింది. మన దగ్గర మాఫీ ప్రకటనల తర్వాత బ్యాంకులు కొత్త అప్పుకు వెనకాడటం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

సరే, అసలు సంగతికొద్దాం. చట్టం ఎవరిది? బాబిలోను రాజు హమ్మురాబి రాతిస్తంభం చూస్తే పైన సూర్యదేవుడి ముందు రాజు నిలబడి ఉంటాడు, కింద నియమాలు. న్యాయం స్థాపించమని దేవుళ్లు నన్ను పిలిచారు, ఇవి నా తీర్పులు అంటాడు రాజు. అక్కడ చట్టం రాజు నోటిమాట. ఇశ్రాయేలు గ్రంథాల్లో ఎంత వెతికినా ఏ ధర్మశాస్త్ర సంపుటికీ రాజు పేరు ఉండదు. దావీదుది కాదు, అంత తెలివైనవాడని చెప్పే సొలొమోనుది కూడా కాదు. చట్టమంతా రాజులు పుట్టకముందే, రాజ్యం లేని ఎడారిలో, ఈజిప్టు బానిసత్వంనుంచి జనాన్ని నడిపించిన మోషే ద్వారా వచ్చినట్టే చెప్తారు. చరిత్రపరంగా అది ఎలా ఉన్నా, రాజకీయంగా దాని అర్థం పెద్దది. రాజు చట్టం చేయలేడు, మార్చలేడు, దాని కిందే ఉండాలి. ద్వితీయోపదేశకాండం 17లో రాజు గురించి చెప్పింది చదివితే ఇంచుమించు అన్నీ వద్దులే. గుర్రాలు ఎక్కువ పెట్టుకోవద్దు, భార్యలు ఎక్కువ వద్దు, వెండి బంగారాలు కూడబెట్టవద్దు. చేయాల్సిన పని ఒక్కటి చెప్పారు: ధర్మశాస్త్రానికి ఒక నకలు రాసుకుని రోజూ చదువుకోవాలి, తోటివాళ్లకంటే తాను ఎక్కువ అనుకోకూడదు. సైన్యం, పెళ్లిళ్లతో కుదిరే పొత్తులు, ఖజానా, రాజు బలమంతా ఈ మూడే కదా, ఆ మూడింటికీ పగ్గాలేశారు.

చట్టం ఎవరి చేతినుంచి వచ్చిందో దాన్నిబట్టి అది ఎవరిని కాపాడుతుందో కూడా మారుతుంది. పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవాడికి హమ్మురాబి చట్టంలో మరణశిక్ష. ద్వితీయోపదేశకాండం 23లో సరిగ్గా తలకిందులు, యజమాని దగ్గరనుంచి పారిపోయి వచ్చినవాణ్ని తిరిగి అప్పగించవద్దు, వాడికి నచ్చిన చోట బతకనివ్వాలి. 1850లో అమెరికా చేసిన పరారీ బానిసల చట్టం ఈ విషయంలో హమ్మురాబి పక్కన నిలబడింది. అయితే ఇదే ధర్మశాస్త్రం అన్యజాతుల బానిసల్ని పిల్లలకు ఆస్తిగా రాసివ్వవచ్చంటుంది (మళ్లీ అదే లేవీయకాండం 25). విశ్రాంతిదినాన కట్టెలు ఏరుకున్నవాణ్ని రాళ్లతో కొట్టి చంపారని సంఖ్యాకాండం చెప్తుంది. ఒకటి చూపించి రెండోది దాచడం నిజాయితీ కాదు.

తీర్పులు ఎవరు చెప్పేవాళ్లు? మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తగవులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని చెప్పి వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి ఒక్కొక్కరిని పెట్టించాడు. లంచం అంటే అసహ్యం ఉన్నవాళ్లయి ఉండాలన్నాడు. ఆ సలహా ఇచ్చిన మామ ఇశ్రాయేలీయుడు కాదు, మిద్యాను యాజకుడు, పరిపాలన పాఠం బయటివాడి దగ్గర నేర్చుకున్నామని వాళ్లే రాసుకున్నారు. వాళ్లను ఎవరు ఎంచారన్నదానికి మాత్రం రెండు జవాబులున్నాయి. నిర్గమకాండంలో మోషే ఎంచాడు. ద్వితీయోపదేశకాండంలో మీరే ఎంచుకోండి, నేను నియమిస్తాను అంటాడు. ఎన్నికల ప్రజాస్వామ్యం అక్కడే పుట్టిందనేవాళ్లు రెండోది చదివి మొదటిది వదిలేస్తారు.

తర్వాత ఊళ్లలో న్యాయం ఊరి గవిని దగ్గర, పెద్దల ముందు జరిగేది. రచ్చబండ అనుకోండి, కాకపోతే చెట్టుకింద కాదు, కోటద్వారం దగ్గర (చెట్టుకింద తీర్పులు చెప్పినామె కూడా ఉంది, రామాకూ బేతేలుకూ మధ్య ఖర్జూరపు చెట్టు కింద దెబోరా). రూతు కథలో బోయజు పొలం వ్యవహారం తేల్చుకోవడానికి గవిని దగ్గర పదిమంది పెద్దల్ని కూర్చోబెడతాడు, ఎదుటివాడు చెప్పు విడిచి ఇస్తాడు, అదే రిజిస్ట్రేషన్. ఊళ్లో తేలని కేసు పై చోటికి, యాజకుల దగ్గరికీ న్యాయాధిపతి దగ్గరికీ వెళ్లాలి. శిక్షల్లో జైలు లేదు. దొంగ రెట్టింపు కట్టాలి, ఎద్దును దొంగిలించి అమ్మేస్తే అయిదింతలు. పొలంలో శవం దొరికి హంతకుడెవరో తెలియకపోతే పెద్దలు చుట్టుపక్కల ఊళ్లదాకా దూరం కొలవాలి, ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు బయటికొచ్చి ప్రాయశ్చిత్తం చేయాలి. ఇది మా స్టేషన్ పరిధిలోకి రాదు అన్న మాట విని జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసేది) గురించి తెలుసుకోవాల్సి వచ్చినవాళ్లకు ఆ కొలతతాడు విలువ అర్థమవుతుంది.

ఇందులో ఆధునిక వ్యవస్థకు ఉన్నదొకటి అసలు లేదు, శాసనసభ. చట్టానికి ఏదీ కలపవద్దు, దానినుంచి ఏదీ తీసేయవద్దు అని చట్టంలోనే ఉంది. మరి పరిస్థితి మారితే? ఒక ఉదాహరణ ఉంది, అది నాకు చాలా ఇష్టం. సెలోపెహాదు అనే అతనికి కొడుకుల్లేరు, అయిదుగురు కూతుళ్లు. వాళ్లు మోషే ముందూ, యాజకుడి ముందూ, సమాజమంతటి ముందూ నిలబడి, కొడుకుల్లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకు వాటా ఇవ్వండి అని అడిగారు. మోషే దేవుణ్ని అడిగాడు, వాళ్లు చెప్పింది నిజమే అని జవాబొచ్చింది, నియమం మారింది. ఇక్కడితో ఆపేస్తే అందంగా ఉంటుంది. కానీ కొన్ని అధ్యాయాల తర్వాత వాళ్ల గోత్రం (ఇక్కడ తెగ అని అర్థం) పెద్దలు వచ్చి, వీళ్లు వేరే గోత్రంలో పెళ్లి చేసుకుంటే భూమి అటు పోతుంది కదా అన్నారు. అదీ నిజమే అని, తమ గోత్రంలోనే చేసుకోవాలని షరతు పడింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ ఆంధ్రప్రదేశ్ సవరణలోనూ అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వాటా లేదు. రెండుచోట్లా ముల్లు పెళ్లి దగ్గరే గుచ్చుకుంది.

ఇంత పకడ్బందీ చట్టం ఉంటే రాజెందుకు కావాల్సొచ్చాడు? ఎందుకంటే రాజు లేని రోజులు బాగా లేవు. న్యాయాధిపతుల గ్రంథం చివరి అధ్యాయాలు చదవడానికే కడుపులో తిప్పుతుంది, ఒక ఆడమనిషిని రాత్రంతా పాడుచేసి చంపడం, దానిమీద గోత్రాల మధ్య యుద్ధం, ఒక గోత్రం దాదాపు తుడిచిపెట్టుకుపోవడం. అప్పుడు రాజు లేడు, ఎవడిష్టం వాడిది అన్న వాక్యంతో గ్రంథం ముగుస్తుంది. ప్రభుత్వం లేని స్వర్గం అనేవాళ్లు ఆ గ్రంథం చివరిదాకా చదివారో లేదో. అంతకుముందు గిద్యోను అనే యుద్ధనాయకుణ్ని రాజువి కమ్మంటే, నేనూ కాను నా కొడుకూ కాడు, దేవుడే రాజు అన్నాడు. అన్నవాడి కొడుకు పేరు అబీమెలెకు, హీబ్రూలో దానర్థం మా నాన్న రాజు అని. ఆ కొడుకే అన్నదమ్ముల్ని చంపి రాజయ్యాడు.

ప్రవక్త సమూయేలు కాలానికి న్యాయవ్యవస్థే కుళ్లింది. ఆయన కొడుకులు బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉండి లంచాలు తిన్నారు. పెద్దలు వచ్చి మాకు రాజు కావాలన్నారు. సమూయేలు చెప్పిన హెచ్చరికలో ఒకే క్రియ తిరిగి తిరిగి వస్తుంది, తీసుకుంటాడు. మీ కొడుకుల్ని రథాలకు తీసుకుంటాడు, కూతుళ్లను వంటకు తీసుకుంటాడు, మంచి పొలాలు, ద్రాక్షతోటలు తీసుకుని తన మనుషులకిస్తాడు, పంటలో పదో వంతు తీసుకుంటాడు, చివరికి మీరే అతనికి బానిసలవుతారు. అయినా జనం కావాలన్నారు.

ఈ ఒక్క అధ్యాయంమీద తర్వాత జరిగినంత లాగులాట మరెక్కడా జరగలేదేమో. రాజుకు ఇవన్నీ చేసే అధికారం నిజంగా ఉందా, లేక జనాన్ని భయపెట్టడానికి అన్నారా అని తాల్ముదులో (యూదు పండితుల ధర్మచర్చల సంపుటి) ఇద్దరు పండితులు వాదించుకున్నారు. 1598లో స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ ఇది రాజు ఏం చేసినా ప్రజలు భరించాలని చెప్పే అధ్యాయం అని రాశాడు (అయిదేళ్లకు ఇంగ్లండుకూ ఆయనే రాజయ్యాడు). 1776లో థామస్ పెయిన్ అనే రచయిత అదే అధ్యాయం చూపించి రాచరికమే పాపమని రాశాడు, అమెరికా జనం ఎగబడి చదివారు. ఈ మధ్యలో 1617లో డచ్ పండితుడు కునేయస్ హీబ్రూ గణతంత్రం గురించి పుస్తకమే వేశాడు, 1656లో ఇంగ్లండులో హారింగ్టన్ అనే రచయిత, ఒకరి చేతిలో ఎంత భూమి ఉండవచ్చో పరిమితి పెట్టాలనడానికి మోషే భూపంపకాన్ని సాక్ష్యం తెచ్చాడు. ఇశ్రాయేలునుంచి ప్రజాస్వామ్యం వచ్చింది అనేదాంట్లో నాకు నిజమనిపించేది ఇంతవరకే. రాజుకంటే పైన ఒక చట్టం ఉండాలన్న వాదానికి రాజు కాదనలేని పుస్తకంలోనే వాళ్లకు ఆధారం దొరికింది.

ఇప్పుడు మళ్లీ నాబోతు. అలిగిన భర్తను లేపి యెజెబెలు చేసిన పని చూడండి. సైన్యాన్ని పంపలేదు. రాజముద్ర వేసి ఆ ఊరి పెద్దలకు ఉత్తరాలు రాసింది. ఉపవాసం చాటించండి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టండి, దేవుణ్నీ రాజునూ దూషించాడని ఇద్దరు సాక్షులతో చెప్పించండి. ఇద్దరే ఎందుకంటే చట్టం ఇద్దరు సాక్షుల్ని అడుగుతుంది. విచారణ జరిగింది, శిక్ష పడింది, ఊరి బయట రాళ్లతో కొట్టి చంపారు. రెండో రాజుల గ్రంథంలో అతని కొడుకుల్నీ చంపారని ఉంది, అంటే పిత్రార్జితం అడిగే వారసుడు కూడా మిగల్లేదు. ఒక్క నిబంధన తప్పలేదు, ఊరి స్వపరిపాలన బ్రహ్మాండంగా పనిచేసింది. అబద్ధపు సాక్షికి తాను వేయించబోయిన శిక్షే వేయాలని చట్టంలో ఉంది, కానీ వేయాల్సిన పెద్దలే ఉత్తరం అందుకున్నవాళ్లు.

అప్పుడు అహాబుకు ఎదురొచ్చింది ఏ పదవీ లేని ఏలీయా అనే ప్రవక్త. ప్రవక్తలు ఆనాటి మీడియా, ఆనాటి ప్రతిపక్షం అని ఉపన్యాసాల్లో అంటుంటారు. నేను ఒప్పుకోను. తర్వాతి అధ్యాయంలోనే అహాబు యుద్ధానికి వెళ్లాలా అని అడిగితే 400 మంది ప్రవక్తలు వెళ్లు, గెలుస్తావు అన్నారు, మీకాయా ఒక్కడే కాదన్నాడు. ఆ ఒక్కణ్నీ చెరసాలలో వేశారు, చట్టంలో లేని జైలు రాజు దగ్గర ఉందన్నమాట. ఆ 400 మందిది నిజమా, ఈ ఒక్కడిది నిజమా అని తేల్చే పద్ధతి ఏదీ లేదు, జరిగాక తెలియడమే. అహాబు ఆ యుద్ధంలో చచ్చాక తెలిసింది. రాజు చట్టం కింద ఉండాలని రాశారు గానీ, ఉండకపోతే ఎవరు, ఏ అధికారంతో ఆపాలో రాయలేదు. రాజ్యాంగాలు, న్యాయసమీక్ష, గడువు తీరితే దిగిపోయే పదవులు ఆ ఖాళీ పూడ్చడానికి వచ్చినవే.

పూర్తిగా పూడిందా అంటే ఆ నేలమీదే ఇంకా తేలలేదు. నేటి ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌లో 120 మంది సభ్యులు, పాతకాలపు యూదు పెద్దల మహాసభలో అంతమంది ఉండేవారన్న సంప్రదాయాన్నిబట్టి పెట్టిన సంఖ్య అది. 1948లో రాజ్యాంగం రాసుకుంటామన్నారు, కుదరక 1950లో మెల్లగా ఒక్కో మౌలిక చట్టం చేసుకుందామని తీర్మానించారు, ఈ రోజుకీ ఒకే రాజ్యాంగం లేదు. 2023 జులైలో ప్రభుత్వ నిర్ణయాలు సహేతుకమా కాదా అని చూసే కోర్టు అధికారాన్ని క్నెసెట్ తీసేసింది, దేశం నెలల తరబడి వీధుల్లో ఉంది. 2024 జనవరి 1న 15 మంది న్యాయమూర్తులు కూర్చుని 8–7తో ఆ సవరణను కొట్టేశారు.

భూమి సంగతి కూడా అక్కడ పాత మాటనే పట్టుకుంది. దేశంలో దాదాపు 93 శాతం నేల ప్రభుత్వానిదో, ప్రభుత్వ సంస్థలదో, యూదు జాతీయ నిధిదో. దాని యాజమాన్యం బదిలీ చేయకూడదని 1960 మౌలిక చట్టం చెప్తుంది, అందుకే జనానికి దొరికేది ఎక్కువగా లీజు, మామూలుగా 49 ఏళ్లకు. సునాదం లెక్క గుర్తొచ్చే ఉంటుంది. ఆ నేలలో కొంత భాగం 1948లో వెళ్లిపోయిన, వెళ్లగొట్టబడిన పాలస్తీనియన్లది, 1950 నాటి గైర్హాజరైనవారి ఆస్తుల చట్టంతో రాజ్యం చేతికి వచ్చింది. యెజ్రెయేలు దిబ్బమీద 1948 దాకా జిరీన్ అనే అరబ్బు ఊరు ఉండేది, ఇప్పుడు పక్కనే యిజ్రెయేల్ అనే కిబ్బుట్జ్ (యూదుల ఉమ్మడి వ్యవసాయ గ్రామం) ఉంది. 1990ల్లో ఆ దిబ్బను తవ్వితే అహాబు వంశం కాలపు కోటగోడలు బయటపడ్డాయి, తర్వాత ఇంకో బృందం దిబ్బ కింద రాతిలో తొలిచిన ద్రాక్షగానుగ ఒకటి కనుక్కుంది.